సముద్రం ఒడ్డున మడక దున్నే మనిషి

కడప జిల్లాకు సముద్రం లేదు. కర్నూలుకు లేదు, నంద్యాలకూ లేదు. మన పెన్నా నది కడప జిల్లా దాటి, సోమశిల దాటి, నెల్లూరు జిల్లాలో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇక్కడి పిల్లల్లో చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసేది బడివాళ్ళు విహారయాత్రకు తీసుకుపోయినప్పుడే. అలాంటి చోట కూర్చొని, ఈ రోజు నేను ఒక సముద్రతీరం బొమ్మ గురించి మాట్లాడబోతున్నాను.

దానికి కారణం ఉంది. ఆ బొమ్మలో అందరికన్నా ముందు, అందరికన్నా పెద్దగా కనిపించే మనిషి మడక దున్నుతున్న రైతు. నాలుగున్నర శతాబ్దాల కిందట యూరప్‌లో పుట్టిన ఆ బొమ్మ మీద ఎందరో పండితులు రాశారు, కవులు కవితలు కట్టారు. వాళ్ళలో చాలామంది ఆ రైతును తప్పుపట్టారు. మెట్ట సేద్యం తెలిసిన రాయలసీమ మనిషి ఆ రైతును చూస్తే వేరే మాట చెబుతాడని నా నమ్మకం. ఆ మాట ఏమిటో, ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

రేడియోలో బొమ్మ చూపించలేను. మాటలతోనే కట్టి చూపించాలి. కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

బొమ్మ పేరు ‘ఇకారస్ పతనం ఉన్న ప్రకృతి దృశ్యం’. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని రాయల్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. 1912లో ఆ మ్యూజియం దాన్ని కొన్నది. కాన్వాస్ మీద తైలవర్ణాలు. వెడల్పు సుమారు మూడడుగుల ఎనిమిది అంగుళాలు, ఎత్తు రెండడుగుల అయిదు అంగుళాలు. పెద్ద బొమ్మేం కాదు, మన ఇళ్ళలో మామూలు కిటికీ అంత ఉంటుంది.

దీన్ని పీటర్ బ్రూగెల్ అనే చిత్రకారుడి పేరు మీద చెబుతారు. బ్రూగెల్ 1569లో చనిపోయాడు. మనకు 1565 అనగానే తళ్ళికోట యుద్ధం, విజయనగరం కూలిపోవడం గుర్తొస్తాయి. అదే ఏడాది బ్రూగెల్ అక్కడ మంచులో వేట నుంచి తిరిగొచ్చే వేటగాళ్ళనూ, ఎండలో గోధుమ కోత కోసి చెట్టు కింద సొమ్మసిల్లి పడుకున్న కూలివాళ్ళనూ వేశాడు. ఊరి పెళ్ళిలో కూర్చొని తినేవాళ్ళు, వీధిలో ఆడుకునే పిల్లలు, కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు, వీళ్ళంతా ఆయన బొమ్మల్లోకి వచ్చారు. యౌవనంలో ఇటలీ దాకా ప్రయాణం చేసి, కొండలూ రేవులూ సముద్రాలూ కళ్ళారా చూసి వచ్చినవాడు. ఇప్పుడు బ్రస్సెల్స్‌లో ఉన్న బొమ్మ ఆయన సొంత చేతి పని కాదనీ, పోయిన మూలచిత్రానికి పాత నకలు అయి ఉంటుందనీ చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. చెయ్యి ఎవరిదైనా, ఆలోచన బ్రూగెల్‌దేనన్నది ఎక్కువమంది ఒప్పుకొనే మాట.

ఇప్పుడు బొమ్మలోకి పోదాం. మనం ఒక గట్టు మీద నిలబడి, కిందున్న సముద్రం వైపు చూస్తున్నాం. ఎడమవైపు, మనకు బాగా దగ్గరగా, ఒక ఏటవాలు చేను. ఎర్ర చేతుల చొక్కా వేసుకున్న రైతు, ఒంటి గుర్రాన్ని కట్టి మడక తోలుతున్నాడు. తల కిందికి వంచి, కర్రు తిరగేస్తున్న మట్టినే చూస్తున్నాడు. సాలు పక్కన సాలు, ఒకదాని కింద ఒకటి, నున్నగా వంపు తిరిగి కిందికి దిగుతున్నాయి. మట్టి ఎంత మెత్తగా తిరగబడిందో చూపించడానికి చిత్రకారుడు చాలా ఓపిక పెట్టాడు.

ఆ చేనికి దిగువన గొర్రెల కాపరి. కర్రకు ఆనుకొని, తల పైకెత్తి ఆకాశం వైపు చూస్తున్నాడు. పక్కనే కుక్క కూర్చొని ఉంది. చుట్టూ తెల్లవీ నల్లవీ గొర్రెలు. కొన్ని మేసుకుంటూ నీళ్ళ అంచు దాకా పోయాయి. కుడివైపు కింది మూలలో, ఒడ్డున, ఒకడు చేపలు పడుతున్నాడు. అతని వీపే మనకు కనిపిస్తుంది. అతనికి అవతల పెద్ద ఓడ. తెరచాపలు గాలికి పొంగి ఉన్నాయి. నావికులు తాళ్ళ మీద ఎక్కి పని చేస్తున్నారు. దూరంగా లేతాకుపచ్చ నీళ్ళు, తెల్లటి కొండలు, ఒక రేవు పట్టణం. నీటి గీత మీద సూర్యుడు.

ఇంతవరకు ఇది తీరప్రాంతంలో ఒక మామూలు రోజు. సేద్యం, మేపు, చేపల వేట, వర్తకం. ఎవరి పనిలో వాళ్ళున్నారు.

ఇక కుడివైపు కింది మూలకు మళ్ళీ రండి. చేపలు పట్టేవాడికీ ఓడకూ నడుమ, నీళ్ళలోంచి రెండు కాళ్ళు పైకి వచ్చి ఉన్నాయి. బట్టలేని తెల్లటి కాళ్ళు. నెత్తి, చేతులు, మొండెం అన్నీ నీళ్ళలోపలికి పోయాయి. చుట్టూ కాస్త నురగ, గాలిలో ఇంకా కిందికి దిగుతున్న కొన్ని ఈకలు. ఆ కాళ్ళు ఎంత చిన్నవంటే, బొమ్మ పేరు తెలియనివాళ్ళు వాటిని గమనించకుండానే పక్క గదిలోకి పోవచ్చు. ఆ కాళ్ళు ఇకారస్‌వి. బొమ్మ పేరు అతనిదే.

ఇకారస్ ఎవరు? గ్రీకుల కథల్లో డెడాలస్ అని ఒక మహాశిల్పి ఉన్నాడు. క్రీట్ ద్వీపంలో మైనాస్ అనే రాజు అతన్ని బయటికి పోనివ్వలేదు. నేల దారి, నీటి దారి రెండూ రాజు చేతిలో ఉన్నాయి. మిగిలింది ఆకాశం. డెడాలస్ ఈకలు ఏరి, మైనంతో అతికించి, తనకూ కొడుకు ఇకారస్‌కూ రెక్కలు చేశాడు. మరీ కిందికి పోతే తడికి ఈకలు బరువెక్కుతాయి, మరీ పైకి పోతే ఎండకు మైనం కరుగుతుంది, నడిమి దారిలో నా వెంట రమ్మని చెప్పాడు. కుర్రవాడు ఎగరడంలో ఉన్న సంతోషంలో ఆ మాట మరిచి పైకి పోయాడు. మైనం కరిగింది. సముద్రంలో పడి చనిపోయాడు.

రామాయణం విన్నవాళ్ళకు ఈ కథ వినగానే సంపాతి గుర్తొస్తాడు. సంపాతి, జటాయువు అన్నదమ్ములు సూర్యుడి దాకా ఎగరాలనుకున్నారు. తమ్ముడు వేడికి తాళలేకపోతుంటే అన్న తన రెక్కలు అడ్డం పెట్టాడు. తన రెక్కలు కాలి వింధ్యపర్వతం మీద పడ్డాడు. అయితే మన కథలో సంపాతి ఒంటరిగా మిగిలిపోలేదు. అక్కడ నిశాకరుడనే ముని అతన్ని చూశాడు, పలకరించాడు, ఓదార్చాడు. బ్రూగెల్ తీరంలో ఆ ముని లేడు. అసలు బాధంతా అక్కడే ఉంది.

ప్రకృతి దృశ్యం బొమ్మను ఎలా చదవాలి? నాకు తెలిసినంతలో నాలుగు ప్రశ్నలు చాలు. ఏది పెద్దగా ఉంది? వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది? ఎవరు ఎటు చూస్తున్నారు? అంచుల్లో, మూలల్లో ఏముంది? ఈ నాలుగూ ఒక్కొక్కటిగా అడుగుదాం.

మొదటిది, ఏది పెద్దగా ఉంది? రైతు. మామూలుగా ఇటువంటి కథను వేసేవాళ్ళు ఇకారస్‌ను నడుమ పెడతారు, కాలుతున్న రెక్కలతో, భయపడ్డ ముఖంతో. బ్రూగెల్ కథానాయకుణ్ణి మూలకు తోసి, కథలో పేరైనా లేని రైతును ముందుకు తెచ్చాడు. ఈ కథను రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ కవి ఓవిడ్ తన ‘మెటమార్ఫోసెస్’ కావ్యంలో చెప్పాడు. ఆ కావ్యంలో కూడా చేపలు పట్టేవాడు, గొర్రెల కాపరి, మడక దున్నేవాడు ఉన్నారు. అయితే అక్కడ ఆ ముగ్గురూ ఎగురుతున్న తండ్రీకొడుకుల్ని చూసి, వీళ్ళు దేవతలై ఉంటారని ఆశ్చర్యపోతారు. బ్రూగెల్ ఆ ముగ్గుర్నీ తెచ్చుకొని, ముగ్గురి చూపునూ వేరే వైపు తిప్పేశాడు. ఇది పొరపాటున జరిగేది కాదు. బొమ్మకు అర్థం ఆ తిప్పడంలోనే ఉంది.

రెండోది, వెలుగు. ఎండకు మైనం కరగాలంటే సూర్యుడు నడినెత్తిన ఉండాలి. ఇక్కడ సూర్యుడు నీటి గీత మీద ఉన్నాడు. పొద్దు పొడుస్తోందో, గుంకుతోందో తేల్చి చెప్పడం కష్టం. పండితులు దీని మీద చాలా తర్కించారు. సేద్యం చేసేవాళ్ళకు మాత్రం ఆ వెలుగులో వింత ఏమీ కనిపించదు. ఎండ దేశంలో మడక కట్టేది చల్లపొద్దులోనే. మా వైపు కోడికూతకే ఎద్దుల్ని తోలుకొని పోయి, ఎండ ముదిరేసరికి కాడి దించేస్తారు. బొమ్మలో కథ నడిచే వేళ ఇకారస్‌ది, వెలుగు నడిచే వేళ రైతుది. చిత్రకారుడు రైతు వేళనే ఎంచుకున్నాడు.

మూడోది, చూపులు. రైతు చూపు నేల మీద. చేపలు పట్టేవాడి చూపు నీటి మీద, తన గాలం మీద. కాపరి ఒక్కడు ఆకాశం వైపు చూస్తున్నాడు, అయితే ఇకారస్ పడింది అతని వీపు వెనక. అతను చూస్తున్న చోట ఆకాశం ఖాళీగా ఉంది. ఇదే బొమ్మకు ఇంకో ప్రతి ఉంది, బ్రస్సెల్స్‌లోనే వాన్ బ్యూరెన్ మ్యూజియంలో. అందులో కాపరి చూసే చోట తండ్రి డెడాలస్ రెక్కలతో ఎగురుతూ కనిపిస్తాడు. అక్కడ కాపరి చూపుకు కారణం తెలుస్తుంది. మన బొమ్మలో ఆ తండ్రి లేడు. అందుకే ఆ కాపరి పరధ్యానంగా ఉన్నాడని కొందరు రాశారు. రాయలసీమ కాపరిని ఎరిగినవాళ్ళు అలా అనరు. గొంగళి భుజాన వేసుకొని, జీవాల వెంట మేత కోసం జిల్లాలు దాటి నడిచేవాడు ఆకాశం వైపు చూశాడంటే మబ్బు కోసమే. గాలి ఏ దిక్కు నుంచి తిరిగింది, వాన వస్తుందా రాదా అన్నది అతని బతుకులెక్క.

నాలుగోది, అంచులు. కుడివైపు, చేపలు పట్టేవాడి దగ్గర ఒక కొమ్మ మీద కౌజుపిట్ట కూర్చొని ఉంది. దాని వెనక చీకటి కథ ఉంది. డెడాలస్‌కు మేనల్లుడు ఒకడుండేవాడు. రంపాన్ని కనిపెట్టినంత తెలివైనవాడు. తనను మించిపోతాడన్న అసూయతో డెడాలస్ అతన్ని కోట మీది నుంచి తోసేశాడు. దేవత ఆ పిల్లవాణ్ణి పడుతుండగానే కౌజుపిట్టగా మార్చింది. అందుకే ఆ పిట్ట ఎత్తుకు ఎగరదు, నేల మీదే తిరుగుతుంది. ఒకప్పుడు తాను తోసేసిన పిల్లవాడి ముందే ఇప్పుడు డెడాలస్ కొడుకు పడ్డాడు. అంత పెద్ద కథను బ్రూగెల్ ఒక చిన్న పిట్టలో పెట్టాడు.

ఎడమవైపు అంచులో, గుర్రానికి అవతల పొదల చీకట్లో, పాలిపోయిన ఒక తల ఉంది. చనిపోయిన మనిషి. ఎవరో తెలియదు. ఏ మనిషి చచ్చినా మడక ఆగదు అనే అర్థం వచ్చే సామెత ఒకటి బ్రూగెల్ దేశంలో ఉండేదని చెబుతారు. బ్రూగెల్ సామెతల్ని బొమ్మలుగా వెయ్యడంలో దిట్ట. 1559లో ఆయన వేసిన ఒక బొమ్మలో ఊరంతా సామెతలే నిండి ఉంటాయి. కాబట్టి ఈ తలకూ ఆ సామెతకూ సంబంధం ఉందని చాలామంది నమ్ముతారు.

ఇక్కడి నుంచే ఆ రైతు మీద నింద మొదలైంది. పక్కన మనిషి చచ్చిపోతుంటే తన సాలు తాను దున్నుకొనేవాడు, ఇతరుల బాధ పట్టనివాడు అని. 1938 చివర్లో ఇంగ్లీషు కవి ఆడెన్ ఈ బొమ్మను బ్రస్సెల్స్‌లో చూసి ఒక కవిత రాశాడు. యూరప్ మీదికి యుద్ధం వస్తున్న రోజులవి. ఒకరి యాతన ఇంకొకరి మామూలు రోజు నడుమనే జరిగిపోతుందన్న భావాన్ని ఆ కవిత లోకమంతటా ప్రచారం చేసింది. ఆ కాలానికి అది అవసరమైన మాట. కాదనను. అయితే ఆ కవిత వచ్చాక చాలామంది బొమ్మను వదిలేసి కవితనే చూడడం మొదలుపెట్టారు. రైతు అంటే ఉదాసీనత అని పాఠాలు చెప్పారు.

శ్రోతలారా, మన నేల మీద నిలబడి ఆ రైతును ఒకసారి చూద్దాం.

కర్నూలు, కడప జిల్లాల్లో సాధారణంగా ఏడాదికి కురిసే వాన ఏడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ లెక్కప్రకారం కురవదు. ముంగారి వాన ఒక్కోసారి జూన్‌లో పలకరించి ఆగస్టు దాకా ముఖం చూపదు. హింగారి వాన కోసం నల్లరేగడి రైతు అక్టోబరు దాకా చేను బీడు పెట్టుకొని కూర్చుంటాడు. వాన కురిసిందా, ఇక లెక్క రోజుల్లోనే. ఎర్రనేలలో రెండు మూడు రోజులకే పదును ఆరిపోతుంది. నల్లనేల మొదట కాలు పెట్టనివ్వదు, బురద మడకకు అంటుకుంటుంది. కాస్త ఆగామంటే గట్టిపడి కర్రు దిగనివ్వదు. ఈ రెంటి నడుమ దొరికే ఆ కొద్ది రోజుల్లోనే దున్నాలి, గుంటక తోలాలి, గొర్రు పట్టి విత్తాలి. శెనిక్కాయ అయినా, కొర్ర అయినా, శెనగ అయినా ఇదే దారి. ఊళ్ళో అందరికీ ఒకే రోజు పదును వస్తుంది కాబట్టి ఎద్దులు దొరకవు, ఇప్పుడైతే ట్రాక్టర్ దొరకదు. ఆ పూట పోతే ఆ ఏడాది పోయినట్టే.

ఇది తెలిసినవాళ్ళు బ్రూగెల్ రైతు వంచిన తలను వేరేగా చదువుతారు. అది తప్పించుకొనే చూపు కాదు, కర్రు తప్పకుండా చూసుకొనే చూపు. వాలు చేనులో, సముద్రం వైపు జారే నేలలో, ఒంటి గుర్రంతో సాలు వంకర పోకుండా తోలాలంటే తల ఎత్తడానికి వీలు లేదు. తల ఎత్తితే మడక పక్కకు పోతుంది. ఆ సాళ్ళు అంత తీరుగా ఉన్నాయంటే, అతను పొద్దుటి నుంచి తల ఎత్తలేదని అర్థం. చిత్రకారుడు ఆ సాళ్ళను అంత శ్రద్ధగా వేసింది ఆ మనిషిని నిందించడానికని నేను నమ్మలేను. పనిని గౌరవించేవాడే పనిని అలా వెయ్యగలడు.

ఇంకో మాట. చావు విషయంలో మన ఊళ్ళ ధర్మం ఆ సామెతకు ఎదురుగా ఉంటుంది. ఊళ్ళో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఆ వీధిలో పొయ్యి వెలగదు. మడక కట్టినవాడు కాడి దించి వస్తాడు. పగ ఉన్నవాడు కూడా వచ్చి గడప ముందర నిలబడతాడు. పదును పోతుందని తెలిసీ వస్తాడు, ఎందుకంటే రేపు తన ఇంటి ముందుకూ అందరూ రావాలి. ఈ ధర్మం ఎరిగిన మనిషి బొమ్మ చూసి అడిగే ప్రశ్న ఒకటే: ఆ రైతుకు తెలిసిందా? బొమ్మ చెబుతున్న జవాబు, తెలియలేదనే. అతను గట్టు మీద ఉన్నాడు. కుర్రవాడు పడింది కిందెక్కడో, దూరంగా, నీటి మూలలో. చూడకపోవడం వేరు, చూసి పట్టించుకోకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటి చేసి రైతును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

మరి బొమ్మలో దోషమే లేదా? ఉంది. దగ్గరితనాన్ని బట్టి, చేతిలో ఉన్న సాధనాన్ని బట్టి దాన్ని కొలవాలి. చేపలు పట్టేవాడు ఆ కాళ్ళకు చాలా దగ్గరలో ఉన్నాడు. నీళ్ళ చప్పుడు అతనికి వినిపించి ఉండాలి. అతని కంటే ఓడ ఇంకా గట్టిగా జవాబు చెప్పాలి. ఓడ మీద మనుషులున్నారు, తాళ్ళున్నాయి. కొందరు నావికులు తాళ్ళ మీద ఎత్తున ఉన్నారు, అక్కడి నుంచి చుట్టూ నీళ్ళన్నీ కనిపిస్తాయి. ఒక్క తాడు విసిరితే చాలు. ఓడ మాత్రం తెరచాపలు నింపుకొని రేవు వైపు సాగిపోతోంది. ఆ బొమ్మలో అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా బలమైనది, సాయం చెయ్యగలిగినది ఆ ఓడే. రైతును తప్పుపట్టేవాళ్ళు ముందు ఈ ఓడను చూడాలి. నా తీర్పు ఇది: ఈ బొమ్మలో తల వంచుకొని పని చేసేవాడి తప్పు అందరికన్నా తక్కువ, తెరచాప ఎత్తుకొని పోయేవాడి తప్పు అందరికన్నా ఎక్కువ.

ఇంకొకరు కూడా ఉన్నారు, బొమ్మ ముందు నిలబడ్డ మనం. రైతు, కాపరి, బెస్తవాడు, నావికులు ఎవరూ చూడని కాళ్ళను చూసినవాళ్ళం మనమొక్కరమే. బ్రూగెల్ మనల్ని గట్టు మీద, అంతా కనిపించే చోట నిలబెట్టింది అందుకే. చూసినవాడికి తెలియదు అనే సాకు ఉండదు.

ఇప్పుడు ఆ గట్టు మీద నిలబడి మన సొంత దృశ్యాన్ని చూడండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో వానలు తప్పిన ఏడాది ఇళ్ళకు తాళాలు పడతాయి. జనం మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టుబడి పనులకు బెంగళూరుకు పోతారు. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు మిగులుతారు. ఆ పిల్లల బడి ఏమయింది? అప్పు తీరక ప్రాణం తీసుకున్న రైతు ఇంట్లో ఆ తర్వాతి పంటకు విత్తనం ఎవరు తెచ్చారు? కొత్త రోడ్లు, సౌర ఫలకాలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న మన దృశ్యంలో మూలన నీళ్ళలో తేలుతున్న కాళ్ళు ఇవే. బ్రూగెల్ బొమ్మలో రైతు చూడలేదు. మన బొమ్మలో చాలాసార్లు మునిగేవాడే రైతు. పక్క నుంచి ఓడలు పోతూనే ఉన్నాయి.

బొమ్మను చదవడం నేర్చుకోవడానికి బ్రస్సెల్స్ దాకా పోనక్కర్లేదు. ముద్దనూరు దగ్గర చింతకుంటలో కొండచరియల కింద ఎర్ర జాజుతో వేసిన మూపురం ఎద్దులు, జింకలు, మనుషులు ఉన్నారు. ఓర్వకల్లు మండలం కేతవరం రాతిగుహల్లోనూ అటువంటి బొమ్మలే ఉన్నాయి. రాసుకోవడం రాని కాలంలో మన నేల మీద బతికినవాళ్ళు తమ రోజువారీ బతుకును రాతి మీద పెట్టి పోయారు. ఆ ఎద్దు ఎంత పెద్దగా ఉంది, మనిషి ఎంత చిన్నగా ఉన్నాడు, ఎవరు ఎటు చూస్తున్నారు, అంచులో ఏముంది, అవే నాలుగు ప్రశ్నలు అక్కడ కూడా అడగవచ్చు.

సముద్రం సంగతి అంటారా, అదీ మన కాళ్ళ కిందే ఉంది. గండికోటలో పెన్నా కోసిన రాళ్ళ మీద వరసగా అలల గుర్తులు కనిపిస్తాయి. అవి ఎవరూ చెక్కినవి కావు. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున ఇసుక మీద నీళ్ళు గీసిన గీతలు గట్టిపడి రాయి అయ్యాయి. వేంపల్లె సున్నపురాళ్ళలో దాదాపు 190 కోట్ల ఏళ్ళ కిందటి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుండ్రటి రూపాలున్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు రాతిపొరలకు వేంపల్లె, గండికోట, బనగానపల్లె, నార్జి, కోయిలకుంట్ల అని మన ఊళ్ళ పేర్లే పెట్టారు. రాతి మీద గీతను చూసి, ఇక్కడ నీళ్ళు ఏ వైపు నుంచి ఏ వైపుకు కదిలాయో చెప్పే శాస్త్రవేత్త చేసే పని, బొమ్మలో చూపులు ఎటు తిరిగాయో వెతికే మనం చేసే పని ఒకటే. కనిపిస్తున్న దాన్ని ఓపికగా చూసి, కనిపించని దాన్ని నిదర్శనాలతో చెప్పడం.

తెలుగు చిత్రకళలోనూ ఇటువంటి దృశ్యాలు వేసిన పెద్దవాళ్ళున్నారు. రాజమండ్రిలో 1897లో పుట్టి, 1925లో మశూచితో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు, గోదావరి ఒడ్డునూ అక్కడి మనుషుల్నీ వేశాడు. ఆయన పేరిట రాజమండ్రిలో చిత్రశాల ఉంది. గోదావరి వైపు పోయే పని పడితే ఒక పూట అక్కడ ఆగండి.

చివరగా ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక మనవి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉంది, బ్రూగెల్ బొమ్మ అందులో క్షణంలో దొరుకుతుంది. మీ తరగతిలో, మీ ఇంట్లో ఆ బొమ్మను పిల్లలకు చూపించండి. మొదట కథ చెప్పకండి, పేరూ చెప్పకండి. అయిదు నిమిషాలు ఊరికే చూడమనండి. ఏది పెద్దగా ఉందో, వెలుగు ఎక్కడిదో, ఎవరు ఎటు చూస్తున్నారో, మూలల్లో ఏముందో వాళ్ళనే చెప్పమనండి. ఆ కాళ్ళను మొదట కనిపెట్టే పిల్లను మెచ్చుకోండి. తర్వాత అదే పిల్లలతో తమ ఊరి బొమ్మ గీయించండి. అందులో తాళం వేసిన ఇల్లు గీసిన పిల్ల ఉంటే, ఆ పిల్లను ఆ ఇంటి గురించి అడగండి. అడిగి తెలుసుకున్న సంగతి మీ దగ్గరే ఉంచుకోకుండా, ఏదైనా చెయ్యగలిగినవాళ్ళ దాకా చేర్చండి. బొమ్మలు చూడడం నేర్చుకున్న ఊరు తన మనుషుల్ని కూడా చూడడం నేర్చుకుంటుంది.